తలంటుకున్న గొర్రెలు

పేలంటే నాకు ప్రాణం. తలలో పేలు కాదండోయ్. గొర్రెల ఉన్నిలో, ఎలుకల బొచ్చులో, కుక్కల చెవుల్లో కాపురముండే పేలు, పిడుదులు, గోమార్లు. వాటి మీదే నా పరిశోధన. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా నాయనను ఎవరైనా "పాప ఏం చదువుతాంది?" అనడిగితే "డాక్టరుకే" అని, నేను నోరు తెరిచేలోపే కాఫీ తెమ్మని నన్ను లోపలికి తరిమేవాడు.

ఆ చలికాలం నాకు నల్ల ఉన్ని గొర్రెల మీద బతికే ఒక రకం పేను కావాల్సి వచ్చింది. ఎండలు ముదిరేలోపు అది దొరక్కపోతే థీసిస్‌లోంచి దాని అధ్యాయం తీసెయ్యమన్నారు మా గైడు. ఏళ్ల తరబడి రాసుకున్న అధ్యాయం, ఏడుపొచ్చింది. హిందూపురం నుంచి రొళ్ల దాకా తిరిగాను. ఎక్కడ చూసినా గొర్రెలకు మందు కొట్టేశారు. చివరికి పెనుకొండ దగ్గర ఒక పల్లెలో మందు మాటే ఎత్తని అవ్వ ఒకామె ఉందని తెలిసి ఎగిరి గంతేశాను. పేల కోసం అంటే చిన్నబుచ్చుకుంటుందేమోనని, "మీ గొర్రెల్ని చూడ్డానికి వస్తాండా అవ్వా" అని మాత్రం ఫోన్లో చెప్పాను.

పొద్దున్నే ఆటో దిగేసరికి మంద మొత్తం తళతళలాడుతోంది. కుంకుడుకాయ రసంతో తలంటి, ఎన్నడూ లేంది మందునీళ్లు కూడా పోసి, నొసట పసుపు కుంకుమలు పెట్టారు. అచ్చం పెళ్లిచూపులే.

"నువ్వొస్తాండావని నిన్నంతా రుద్దినాం పాపా. ఒక్క పేను సూపీ, సూద్దాం!" అంది అవ్వ గర్వంగా.

ఒక్కో గొర్రె ఉన్నీ పాయలు తీసి చూశాను. కుంకుడు వాసన తప్ప ఏమీ లేదు. ముందు నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేశాను.

"పేలు ల్యాకుంటే ఏడుస్తారా యాడన్నా?"

ఇక దాచలేక ఉన్నదంతా చెప్పేశాను. అప్పుడే ఇంటి వెనక గడ్డివామి చాటు నుంచి "మ్యా" అని వినిపించింది.

"అది మాది గాదు" అంది అవ్వ ఎటో చూస్తూ.

"మ్యా" అని మళ్లీ పలికింది మాది కానిది.

"నీళ్లంటే సాలు, కుమ్మతాది ముసల్ది. నీ కండ్లబడితే పరువు పోతాదని ఆడ కట్టేసినాం" అని ఒప్పుకుంది చివరికి.

పరిగెత్తాను. ఉన్ని పాయ తీయగానే జాతర! కావాల్సిన పేను బలగంతో సహా అక్కడే ఉంది. ఆ ముసలి గొర్రెను వాటేసుకుని గడ్డిలో దొర్లాను. అంత సంతోషం మళ్లీ డాక్టరేటు వచ్చిన రోజు కూడా కలగలేదు.

సీసాలు నింపుకుని బయల్దేరబోతే అవ్వ నన్ను అరుగు మీద కూర్చోబెట్టింది. "దాంతో అంతసేపు దొర్లితివి. రా, తల సూస్తా."

"గొర్రె పేలు మనుషులకెక్కవు అవ్వా" అని నా చదువంతా చూపించాను.

వినకుండా నా తల వంచి, జుట్టు పాయలు తీసి, కాసేపటికి నా అరచేతిలో ఏదో పెట్టింది. అది కాళ్లాడిస్తోంది. మనుషుల పేనే, అనుమానం లేదు.

"ఇది మా ముసల్దాన్ది గాదు గదా పాపా?" అంటూ అవ్వ కడుపు పట్టుకుని నవ్వింది. "మేం గడ్డివామెనక దాచినాం. నువ్వు యాడ దాస్తావు?"

సంచిలో ఇంకొక సీసా ఖాళీగా ఉంది. మూత తీశాను.