గడియ కోసం ప్రార్థనలు

నేను కొత్తగూడెం కోర్టులో వకీలును. నాన్న బొగ్గుబాయిలో పని చేసి రిటైరయ్యాడు. ఆయన గొంతూ ఆయన కోపమూ నాకే వచ్చాయని ఇంట్లో అందరూ అంటారు. గొంతు సంగతి నిజమే, ఆదివారం చర్చిలో పాటలు పాడే వరసలో నిలబడితే నాకు మైకు అక్కర్లేదు. కోపం సంగతి ఇప్పుడు చెబుతాను.

మా జిల్లాలో పిల్లల్ని ఉంచుకునే హాస్టళ్లనూ ఆశ్రమాలనూ చట్టప్రకారం తనిఖీ చేయడానికి ఒక కమిటీ ఉంటుంది. అందులో నన్ను వేశారు. ఫైలు చంకలో పెట్టుకుని జీపు దిగితే వార్డెన్లు పరుగున వచ్చి కుర్చీలు తుడుస్తారు. ఆ మర్యాద నాకు బాగానే నచ్చింది, దాచుకోవడం ఎందుకు? మా అమ్మకు మాత్రం నచ్చలేదు. "పక్కోళ్ల ఇండ్లల్లకు తొంగి చూసుడు నీకు చిన్నప్పటి నుంచే ఉన్నది. ఇప్పుడు దానికి గవర్నమెంటోళ్లు కాయితం ఇచ్చిండ్రు, గంతే," అంది.

నా వంతుకు వచ్చిన వాటిలో ఒకటి మా చర్చి సంఘం వాళ్లే నడిపే ఆడపిల్లల హాస్టల్. జూలూరుపాడు దాటి అడవి దిక్కుగా పోతే వస్తుంది. పిల్లలంతా లోపలి ఊళ్ల నుంచి వచ్చి చదువుకునేవాళ్లు. వాళ్లలో వాళ్లు కోయ మాట్లాడుకుంటారు, బడిలో మామూలు తెలుగు, ప్రార్థనలో మాత్రం పాత పుస్తకాల తెలుగు. హాస్టల్ నడిపే ట్రస్టుకు సెక్రటరీ మా మేనమామ. ఆ చుట్టరికం గురించి నేను ముందే కమిటీకి రాసి ఇచ్చాను. కమిటీ పెద్దసారు చదివి నవ్వి, "ఈ జిల్లాల ఎవరికి ఎవరు మామ కాదమ్మా," అని, నాతో పాటు బాలల రక్షణ విభాగం నుంచి ఒక ఉద్యోగినిని కూడా పంపించాడు.

మొదటిసారి చెప్పి వెళ్లాం. గేటు దగ్గరే బంతిపూల దండలు, పిల్లల స్వాగత గీతం. మూడు చరణాలు. మూడో చరణంలో నేనే ఉండబట్టలేక గొంతు కలిపాను. "బాగున్నారా పిల్లలూ?" అంటే, "బాగున్నాం మేడం," అని అందరూ ఒకే శ్రుతిలో అన్నారు. తర్వాత నాటుకోడి కూర. నా ఫారంలో ఒక గడి ఉంది: ఫిర్యాదుల పెట్టె ఉన్నదా? ప్రార్థన హాల్లో గోడకు నీలం రంగు పెట్టె, దాని మీద తెల్లటి సిలువ గుర్తు. వేళ్లతో ఒకసారి తట్టి చూసి, 'ఉన్నది' అని టిక్కు పెట్టాను. మామయ్య నా విస్తట్లో ఇంకో కాలు వేశాడు. కోడి రుచికి చట్టం ఒక గంట కునుకు తీసింది.

ఆ తర్వాత మాకు ఖమ్మంలో శిక్షణ పెట్టారు. అక్కడ ఒక రిటైర్డ్ జడ్జిగారు, పెద్దావిడ, మమ్మల్ని ఒక్కొక్కరినే లేపి అడిగింది: "మీరు పెట్టెను చూశారా, పెట్టెలో చూశారా?" నా వంతు వచ్చేసరికి ఫోను వచ్చినట్టు నటించి బయటికి పోయాను. సాటి వకీళ్లను కోర్టులో ఏడిపించేదాన్ని, ఆ రోజు వరండాలో నిలబడి చల్లారిన టీ తాగాను. సిగ్గనిపించింది.

అందుకని రెండోసారి చెప్పకుండా వెళ్లాం. అది రెండో శనివారం, బడి లేదు. దండలు లేవు, పాట లేదు. వార్డెనమ్మ ఎదురొచ్చింది. అరవై దాటిన మనిషి, ఆయాసం ఉంది. పెళ్లి చేసుకోకుండా బతుకంతా ఆ హాస్టల్లోనే గడిపింది. తాళాల గుత్తి నడుముకు వేలాడుతోంది. ఆమె వెనక్కి తిరిగినప్పుడు చూశాను, చీరకు వీపు మీద ఆకుపచ్చ రంగు మరక. ఎక్కడో ఆనుకుని ఉంటుందిలే అనుకున్నాను.

"ఫిర్యాదుల పెట్టె తాళం చెవి ఎవరి దగ్గరుందమ్మా?" అని అడిగాను.

"నా దగ్గరనే మేడం." గుత్తిలోంచి ఆ చెవిని గర్వంగా తీసి చూపించింది.

ఆ చెవి హాస్టల్ వాళ్ల దగ్గర ఉండకూడదు, బయటి కమిటీ దగ్గరే ఉండాలి. రూలు అది. ఎవరి మీద ఫిర్యాదో వాళ్లే తెరిచి చదివితే ఇంక పెట్టె ఎందుకు? ఆ సంగతి తర్వాత చెబుదామని, "చీటీలేమన్నా వస్తున్నాయా?" అన్నాను.

"శాన వస్తయమ్మా. బుధవారం బుధవారం తీస్తం. పేర్లుండయి. నేను చదువుత, పిల్లలందరు మోకరిస్తరు. ఒక్కొక్క చీటీకి ప్రార్థన చేస్తం."

నేను నాతో వచ్చిన ఉద్యోగిని మొహం చూశాను. ఆమె పెన్ను ఎత్తినది ఎత్తినట్టే ఉంది.

మాకు అర్థం కావడానికి కొంచెం టైము పట్టింది. మా చర్చిల్లో ప్రార్థన విన్నపాలు వేసే పెట్టె ఒకటి ఉంటుంది. రోగాలు, పరీక్షలు, సంబంధాలు, అన్నీ రాసి అందులో వేస్తే పాస్టరుగారు చదివి ప్రార్థిస్తారు. గవర్నమెంటు వాళ్లు పెట్టె పెట్టమన్నారు, వీళ్లకు తెలిసిన పెట్టె అదొక్కటే. అదే రంగు వేయించి, సిలువ వేయించి, అక్కడే తగిలించారు. పిల్లలు కూడా అట్లాగే రాశారు.

వార్డెనమ్మ లోపలికి వెళ్లి ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చింది. చీటీలన్నీ భద్రంగా రెండు కట్టలు కట్టింది. ఒక కట్ట జవాబు వచ్చినవి, రెండోది ఇంకా రానివి. చారు చిక్కబడాలని రాసిన చీటీ మొదటి కట్టలో ఉంది. వంటామె మారిందట. నాకు నవ్వాగలేదు. రెండో కట్ట విప్పాను.

ఒకే చేతిరాత నాలుగు చీటీల్లో ఉంది. మొదటిది: 'ప్రభువా, స్నానాల గది తలుపునకు గడియ దయచేయుము.' రెండోది: 'ప్రభువా, మోటరు స్విచ్చు ఆ గోడకే ఉన్నది. వాచ్‌మెన్, ట్యాంకర్ వాళ్లు వస్తరు పోతరు. తలుపు గాలికే తెరుచుకుంటది. గడియ దయచేయుము.' మూడోది: 'ప్రభువా, ఎవరు లేవకముందు లేచి చీకట్ల స్నానం చేస్తున్న. చలి అయితంది.' నాలుగోది: 'ప్రభువా, ఈ ఆదివారం కాదు, పై ఆదివారం అమ్మ వస్తది. గడియ రాకుంటే అమ్మతోని పోత. మా ఊళ్లె ఎనిమిదో తరగతి లేదు. నీ చిత్తం.'

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. ఆదివారానికి ఎనిమిది రోజులే ఉంది.

"వార్డెనమ్మా, ఇది చదివి కూడా ప్రార్థనే చేసినవా?"

"చేసినమమ్మా. దీనికి జవాబు ఆలస్యమైతంది."

"ప్రభువు వడ్రంగి పని చేసినోడే, నేను కాదనను. అట్లని జూలూరుపాడు బస్సెక్కి వచ్చి గడియ బిగిస్తడా?"

"గట్ల అనకండి మేడం." ఆమె కళ్లు తిప్పుకుంది. "నేను ఊకె కూసోలే. పొద్దుగాల పిల్లలు స్నానాలు చేసినంతసేపు తలుపుకు వీపు పెట్టి నిలబడుతున్న. ఆయాసం వచ్చిన దినం నిలబడలేకపోతున్న, గంతే."

ఆ మరక ఏ తలుపుదో అప్పుడు తెలిసింది. కోపం పోలేదు, కానీ ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

"ట్రస్టుకు ఒక్క కాయితం రాయచ్చు గద?"

"రాస్తే సంఘం పేరు పోతది, సెక్రటరీ గారికి తలవంపులు. దేవునికి చెప్పుకుంటే ఎవరి పేరు పోదు గదమ్మా."

నేనూ ఆ సంఘంలోనే పెరిగాను. ఇంట్లో గొడవలు, తాగుడు, దెబ్బలు, అన్నీ ప్రార్థన విన్నపాలుగానే వినేదాన్ని. 'ఒక సహోదరి కుటుంబ సమాధానం కొరకు' అని చదివేవాళ్లు, సమాధానమంటే మా చర్చి భాషలో శాంతి. ఆ సహోదరి ఎవరో అందరికీ తెలుసు. ఆమె ఇంటికి మాత్రం ఎవరూ వెళ్లేవాళ్లు కాదు.

ఇంతలో వాచ్‌మెన్ ఫోను కొట్టినట్టున్నాడు, మామయ్య మోటార్ సైకిల్ మీద దిగాడు. విషయం విని నన్ను పక్కకు పిలిచాడు.

"బెత్తెడు గడియ కోసం రిపోర్టు రాస్తవా, బిడ్డా? నువ్వు అన్నం తినేలోపు పెట్టిస్త. రాయకు. మన సంఘం నోట్ల మనమే మన్ను కొట్టుకుంటమా?"

"ఇన్ని రోజులు ఎందుకు పెట్టియ్యలే మామా?"

"నాకు ఎవలు చెప్పిండ్రు?"

అదీ నిజమే. చెప్పాల్సినవాళ్లంతా పైవాడికి చెప్పుకున్నారు, ఈయన వరకు రాలేదు. వచ్చేందుకు దారి కూడా ఈయన పెట్టలేదు.

నేను అన్నం తిననన్నాను. పనివాళ్లను దూరంగా ఉండమని, చీటీ ఎవరు రాశారన్న మాటే ఎత్తకుండా, పిల్లలతో ఉత్త కబుర్లు చెబుతూ కూర్చున్నాను. గంటలో మామయ్య వడ్రంగిని పట్టుకొచ్చాడు. ఠకఠకా నాలుగు దెబ్బలు, పని అయిపోయింది. "వచ్చి చూస్కో," అని కేకేశాడు.

వెళ్లి చూశాను. కొత్త ఇత్తడి గడియ తళతళలాడుతోంది, రంగు రాలుతున్న ఆకుపచ్చ తలుపుకు బయటి పక్క. వడ్రంగి వచ్చిన దారిన నిలబడి, కనబడిన పక్క బిగించాడు. మామయ్య దాన్ని ముందుకూ వెనక్కూ జరిపి చూపిస్తున్నాడు.

మేనమామతో పరాచికమాడే హక్కు మేనకోడలికి పుట్టుకతో వస్తుంది. దాన్ని అప్పటిదాకా అధికారిగా వాడుకోలేదు. "మామా, ఒకసారి లోపలికి పోయి నిలబడు," అన్నాను. పోయాడు. తలుపు మూసి గడియ వేశాను.

"బాగ పడ్డది మామా, గట్టిగున్నది."

"అవ్, గట్టిదే తెచ్చిన," అన్నాడు లోపల్నుంచి. తర్వాత తలుపు మీద అరచేతి దెబ్బ. "ఏందే ఇది? తియ్యి."

"ప్రార్థన చెయ్యి మామా. జవాబొస్తది."

ముందు ఒక్క పిల్ల కిసుక్కుమంది. తర్వాత వరండా అంతా నవ్వులే. వార్డెనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం, పాపం," అంటూనే నవ్వింది. ఎక్కువసేపు ఉంచలేదు లెండి, ఉద్యోగిని నా చేయి గిల్లింది. ఎవరన్నా తీయండమ్మా అంటే, చివర నిలబడిన ఒక సన్నటి పిల్ల ముందుకొచ్చి గడియ తీసింది.

మామయ్య చొక్కా తడిసిపోయింది. నన్ను తిట్టడానికి నోరు తెరిచి, ఆ పిల్లను చూసి ఆగాడు. తలుపుకు లోపలి పక్కన చేత్తో తడిమాడు, ఏమీ లేదు. "రాసుకో బిడ్డా," అన్నాడు. "ఉన్నదున్నట్టు రాసుకో." వడ్రంగితో, "ఎక్కడ బిగించాల్నో పిల్లల నడుగు, నన్నడుగకు," అన్నాడు.

ఆ సన్నటి పిల్లే లోపలికి వెళ్లింది. ముందు తన భుజమంత ఎత్తు చూపించింది. మళ్లీ ఆలోచించి, అందరికంటే చిన్న పిల్లను పిలిచి, ఆమె చేయి అందేంత కిందికి దించింది. ఆ చీటీలు ఎవరు రాశారో అడగాల్సిన పని లేదు.

జీపెక్కబోతుంటే వార్డెనమ్మ ఆయాసపడుతూ వచ్చి, మడిచిన చీటీ ఒకటి నా చేతిలో పెట్టింది. "ఇది అందరి ముందట చదవలేకపోయిన మేడం. మీ మీద రాసింది."

అదే చేతిరాత. 'ప్రభువా, ఇయ్యాల పెద్ద మేడం వచ్చింది. మాతోని పాట పాడింది. పెట్టెను చేత్తో కొట్టింది. తెరవలే. ఆమెకు మనసు పుట్టించుము.'

కొత్తగూడెం వచ్చేదాకా ఆ చీటీనే మళ్లీ మళ్లీ చదివాను. ఆ పిల్ల చలిలో, చీకట్లో స్నానం చేసిన రోజుల్లో ఎన్నో నా ఒక్క టిక్కు తర్వాతివే. రిపోర్టు రాసేటప్పుడు గడియ సంగతి, మోటరు స్విచ్చు సంగతి, తాళం చెవి సంగతి అన్నీ రాశాను. అన్నిటికంటే ముందు ఒక వాక్యం రాశాను: గత తనిఖీలో పెట్టె తెరవకుండానే 'ఉన్నది' అని నేనే రాశాను. చీటీ మాత్రం జత చేయలేదు, చేతిరాత పట్టుకుంటారని. పెద్దసారు చదివి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఈసారి నవ్వలేదు. స్విచ్చు గేటు దగ్గరికి మార్చమనీ, తాళం చెవి కమిటీకి ఇవ్వమనీ ఆర్డరు వేశాడు.

ఆదివారం సంగతి వార్డెనమ్మ ఫోన్లో చెప్పింది. తల్లి ఖాళీ సంచి పట్టుకుని వచ్చిందట. కూతురు ఆమెను తీసుకుపోయి స్నానాల గది ముందర నిలబెట్టి, తను లోపలికి పోయి గడియ వేసుకుందట. తల్లి నెట్టి చూసింది. భుజం పెట్టి ఇంకోసారి నెట్టింది. తలుపు కదలలేదు. సాయంత్రం బస్సుకు ఖాళీ సంచితోనే వెళ్లిపోయిందట. వింటూ నేను కోర్టు మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఒక క్లయింటు చూసి, కేసు ఓడిపోయాననుకుని ఓదార్చాడు.

నెల తర్వాత, మళ్లీ చెప్పకుండానే వెళ్లాను. తాళం చెవి ఇప్పుడు నా పర్సులో ఉంది. పెట్టె తీస్తే నాలుగు చీటీలు. మూడింటి మీద 'ప్రభువా' అని ఉంది. అవి పరీక్షల గురించి, ఒకరి తమ్ముడి జ్వరం గురించి. జ్వరం సంగతి వార్డెనమ్మకు చెప్పి, వెంటనే ఆ ఇంటికి ఫోను చేయించాను. నాలుగోది నాకు తెలిసిన చేతిరాత.

'మేడం గారికి. స్నానాల గది దగ్గర బల్బు పోయింది. ఇది ప్రభువుకు చెప్పలే, మీకే చెప్తున్న. జల్దీ చూడుండ్రి.'

వార్డెనమ్మ నా భుజం మీంచి చదివి, స్టూలు తేవడానికి వెళ్లింది.