అడ్డాకు డొప్పలో మంచు ముక్క

మంచు కరుగుతున్నంతసేపూ దానితో కలిసి ఉన్న నీళ్లు వేడెక్కవు. అరచేతిలో పట్టుకున్నా, కింద సెగ పెట్టి కలుపుతున్నా, చివరి ముక్క పోయేదాకా థర్మామీటరు సున్నా దగ్గరే నిలబడి ఉంటుంది. మనం ఇచ్చే వేడంతా గడ్డను నీరు చేయడానికే సరిపోతుంది. ఈ సంగతి నేను హైస్కూల్లోనే చదువుకున్నాను. అయినా ఒక ఉదయం నా జేబులో ఉన్న థర్మామీటరు బయటికి తీయలేదు. ఇరవై ఏళ్లు దాటిపోయాయి. ఆ రోజు జరిగింది జరిగినట్టు చెప్పడానికి ఇది రాస్తున్నాను.

నా మొదటి ఉద్యోగం జి.మాడుగుల అవతల, కొండల మధ్య ఒక చిన్న వ్యవసాయ క్షేత్రంలో. ఆఫీసు ఉన్న గట్టు మీద ఛాతీ ఎత్తున, తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఒకటి ఉండేది. గాలి ఆడేలా దానికి చుట్టూ సందులు. లోపల థర్మామీటర్లు. రోజూ పొద్దున్నే వెళ్లి, రాత్రి చలి ఎంతవరకు దిగిందో చూసి రిజిస్టరులో రాయడం నా పని. మట్టి వేడి, నీటి వేడి చూడటానికి ఇంకొక చిన్న థర్మామీటరు ఇచ్చారు. పెన్నులాగా దాన్ని చొక్కా జేబుకు తగిలించుకుని తిరిగేవాణ్ని.

గట్టు కింద ఊళ్లో ఒక ఆమె ఇంట్లో అద్దెకు ఉన్నాను. భర్త పోయాడు. ఇంటి ముందున్న పల్లంలో కొద్దిపాటి భూమి. అందులో మొదటిసారిగా, ప్రభుత్వం ఇచ్చే కాఫీ మొక్కలు తన పేరు మీద తీసుకుని నాటుకుంది. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. నేను అక్కా అనేవాణ్ని, ఆమె నన్ను బావూ అనేది. డిసెంబరులో వణుకుతూ గట్టు దిగి వచ్చేసరికి పొయ్యి పక్కన పీట వేసి ఉండేది. చోడి అంబలి గిన్నె చేతికిచ్చి, “ఏటి బావూ, నీ పెట్టె ఏటంది ఈయాల?” అని అడిగేది. నేను ఏడు అంటే, “ఏడేటి? నా సేతులు మూడంతన్నాయి” అని నవ్వేది. ఇప్పుడు సాలూరులో ఉంటున్నాను. ఏప్రిల్ వచ్చిందంటే ఫ్యాను కింద కూర్చున్నా వీపు మీద చెమట ఆగదు. అలాంటప్పుడు నాకు కావాలనిపించేది చలి కాదు. చలిలోంచి వచ్చి ఆ పీట మీద కూర్చోవడం, ఆ ప్రశ్న వినడం.

ఆమె కాఫీ నాటిన ఏడాది చలికాలంలో ఒక సాయంత్రం, పొద్దు గూకిన కాసేపటికి, ఆమె వాకిట్లో నిలబడి ఆకాశం చూస్తోంది.

“బావూ, సుక్కలు సూడు, కడిగి పెట్టినట్టున్నాయి. గాలి కూడా ఆగిపోనాది. తెల్లారేసరికి తెల్లమంచు కడతాది. మొక్కల మీద గడ్డి కప్పీమంతావా?”

ఆ గడ్డి ఇంటి కప్పు కోసం ఆమె నెల రోజులు కోసి ఎండబెట్టుకున్నది. మొక్కల మీద పరిస్తే తడిసి పాడవుతుంది.

“వద్దక్కా. ఇక్కడ నాలుగు డిగ్రీల కంటే దిగదు. సున్నాకి వస్తేగానీ నీళ్లు గడ్డకట్టవు” అన్నాను.

“పల్లంలో సంగతి గట్టు మీద పెట్టెకి ఎరికేటి?”

“పెట్టె అబద్ధం చెప్పదు.”

ఆమె కాసేపు గడ్డి మోపుల వైపు చూసింది. “సరే మరి. నువ్వు సదువుకున్నోడివి” అని లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు పెట్టెలో నాలుగే ఉంది. రాసుకున్నాను. ఆ ఉదయమే మా పై అధికారి జీపులో వచ్చాడు, కాఫీ మొక్కలు ఎలా ఉన్నాయో చూడటానికి. ఆఫీసు వరండాలో ఊరివాళ్లు ఓ పది మంది చేరారు. అప్పటికి ఎండ గట్టు దాటి పల్లంలోకి దిగింది. ఇంతలో అక్క రొప్పుతూ దారి ఎక్కి వచ్చింది. రెండు చేతుల మధ్య అడ్డాకు డొప్ప.

“సారూ, సూడండి. ఆకుల మీద కట్టింది. మొక్కలన్నీ మాడిపోనాయి సారూ, మరిగిన నీల్లు పోసినట్టు.”

ఆమెకు మరిది వరసయ్యే అతను తొంగి చూశాడు. హాస్యగాడని ఊళ్లో పేరు.

“వదినా, గెడ్డలో నీల్లు ముంచుకొచ్చి సారుకి తాగిత్తావేటి?”

అందరూ నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. “నువ్వు చూడవయ్యా, లెక్కలు రాసేది నువ్వే కదా” అన్నాడు నాతో.

డొప్ప నా చేతికి వచ్చింది. అందులో నీళ్లున్నాయి. ఆ నీళ్ల మీద, డొప్ప అంచుకు ఆనుకుని, ఒక మంచు ముక్క ఉంది. గోరంత వెడల్పు, అద్దం పెంకులా పలుచన. ఒక పక్క ఆకు ఈనె అచ్చు పడి ఉంది.

నేను దాన్ని చూశాను. ఎండ పడి మెరిసిందనీ, పొరపాటు పడి ఉంటాననీ తర్వాత ఎన్నిసార్లో నాకు నేను చెప్పుకున్నాను. పొరపాటేమీ లేదు. జేబులో థర్మామీటరు తీసి ఆ నీళ్లలో ముంచితే సున్నా చూపించేది. గెడ్డ నుంచి, అంటే వాగు నుంచి తెచ్చిన నీళ్లయితే అంత చల్లగా ఉండవని ఆ అధికారికి వెంటనే తెలిసేది. కానీ గడ్డి కప్పొద్దన్నది నేను. ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. డొప్పను అలాగే పట్టుకుని నిలబడ్డాను. నా అరచేతుల వేడికి ముక్క అంచులు గుండ్రబడ్డాయి, చిన్నదైంది, లేకుండా పోయింది. అప్పుడు డొప్పను అధికారి వైపు వంచి చూపించాను.

“నీళ్లే సార్. రాత్రి నాలుగు కంటే దిగలేదు. మంచు కట్టే అవకాశం లేదు.”

పల్లంలో మొక్కలు పోషణ లేక చచ్చిపోయాయని అధికారి రాశాడు. నేను సాక్షిగా సంతకం పెట్టాను. మొక్కలను నిర్లక్ష్యం చేసినవాళ్లకు మళ్లీ ఇవ్వకూడదన్నది అప్పటి పద్ధతి. మరుసటి వర్షాలకు ఊరందరికీ కాఫీ మొక్కలు వచ్చాయి, ఆమెకు తప్ప. అంతకంటే ఎక్కువగా ఆమెను బాధపెట్టింది ఊరివాళ్ల మాట. సంతలో ఎదురైతే చాలు, “వదినా, మంచు అమ్మకానికి తెచ్చినావేటి?” అనేవాడు ఆ మరిది. పక్కనున్నవాళ్లు పగలబడి నవ్వేవాళ్లు.

నాకు అంబలి మాత్రం ఆమె ఆపలేదు. గిన్నె నా గది గుమ్మంలో పెట్టి వెళ్లిపోయేది. పెట్టె ఏమందని మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఆ తర్వాతి వేసవిలో నాకు బదిలీ అయింది. వెళ్తున్నానని చెబితే తలూపింది.

పల్లంలో ఏం జరిగిందో ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను. మబ్బు లేని రాత్రి నేలా ఆకులూ తమ వేడిని ఆకాశంలోకి వదిలేస్తాయి. గాలి ఆడకపోతే ఆకు తన చుట్టూ ఉన్న గాలి కంటే చల్లబడిపోతుంది. చల్లని గాలి బరువు. వాలు వెంట నీళ్లలాగా జారి పల్లంలో నిలుస్తుంది. గట్టు మీద ఛాతీ ఎత్తున నాలుగు ఉన్నప్పుడు కింద ఆకు మీద సున్నా కంటే తక్కువ ఉండొచ్చు. చుక్కలు, గాలి, పల్లం. ఆ సాయంత్రం ఆమె చెప్పినవి ఈ మూడే. అంతవరకు అయితే నాది తెలియనితనం. డొప్ప చేతికి వచ్చాక జరిగినదానికి ఆ పేరు పెట్టుకోలేను.

పోయిన డిసెంబరులో వెళ్లాను. ఊరి మలుపులో వరసగా కార్లు. ఆ పల్లంలో గడ్డి మీద కట్టిన మంచును ఫోటో తీసుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారు. టీ కొట్టు ఆ మరిదిదే. జుట్టు నెరిసింది. “బేగి దిగండి, బేగి దిగండి, ఎండొత్తే ఏటీ మిగల్దు” అని అందరినీ తోలుతున్నాడు. అక్క కొట్టు పక్కన కూర్చుని చేటలో రాజ్‌మా గింజలు ఏరుతోంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

ఆమె ఎదురుగా కూర్చుని, ఆ రోజు డొప్పలో మంచు ఉందని చెప్పాను. గింజలు ఏరడం ఆపలేదు.

“నాకెందుకు సెప్తావు? తెచ్చినదాన్ని నాకు తెల్దేటి?”

“తప్పయిపోయిందక్కా.”

“అప్పుడు కాయితం మీద రాసినారు కదా, నాను మొక్కల్ని సంపేసినానని. ఇదీ రాసియ్యి.”

సంచిలోంచి కాగితం తీసి రాసిచ్చాను. ఫలానా ఉదయం ఈమె తెచ్చిన డొప్పలో మంచు ఉందని, మొక్కలు మంచుకే పోయాయని, గడ్డి కప్పొద్దన్నది నేనేనని. కింద సంతకం పెట్టాను. ఆమె దాన్ని మరిది చేతికిచ్చింది.

“సదువు. గట్టిగా సదువు.”

అతను టీ గిన్నె దించి చదివాడు. అక్కడ కూర్చున్న ఊరివాళ్లు మాటలు ఆపి విన్నారు. చదవడం అయ్యాక అతను, “నానేదో నవ్వులాటకి అన్నాను వదినా” అన్నాడు. ఆమె కాగితం తీసుకుని నా ముందు పెట్టింది.

“మంచు ఉందని రాసినావు. నువ్వు సూసినావని రాయలేదు. నీ కల్లు అందులో ఆగిపోనాయి. నాను నీ ముకమే సూత్తన్నాను.”

ఇన్నేళ్లూ అది నా ఒక్కడికే తెలుసని అనుకున్నాను.

పెన్ను మళ్లీ తీశాను. సంతకం పైన ఖాళీ లేదు. అంచులో, నిలువుగా, చిన్న అక్షరాలతో రాశాను: డొప్పలో మంచు ముక్కను నేను చూశాను, చూసి కరిగేదాకా ఆగాను. మరిది అది కూడా చదివాడు, ఈసారి మెల్లగా. ఆమె రెండోసారి చదివించుకుంది. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి రొంటిన దోపుకుని, చేట అందుకుంది.