రైల్లో ఓడిపోయి వచ్చే బాబాయి

రైలెక్కేటప్పుడు ఏ అభిప్రాయంతో వెళ్ళాడో అదే అభిప్రాయంతో బాబాయి ఇంటికి తిరిగొచ్చిన దాఖలా ఇంతవరకూ లేదు. గొడుగు ఎప్పుడూ మరిచిపోలేదు. చెప్పులు పోగొట్టుకోలేదు. పోయేవల్లా అభిప్రాయాలే. ఒకటి పోతే దాని చోట ఇంకొకటి, సరిగ్గా దానికి ఎదురుది, వెంట తెచ్చుకునేవాడు. అందుకే ఆయన సంచీ దించేలోపే పిన్ని గుమ్మంలో నిలబడి, "ఈసారి ఏం పోయిందండీ?" అని అడిగేది.

వాళ్ళది గడియారాల రిపేరు వృత్తి. కింద దుకాణం, పైన కాపురం. దుకాణంలో బల్ల ముందు కుర్చీ చిట్టి వాళ్ళ నాన్నది. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడంటే భోజనానికి తప్ప లేవడు. ఆయన తమ్ముడే బాబాయి. ఈయనది ఊళ్ళు తిరిగే పని. నెలకోసారి రైలెక్కి, టవర్ల మీది గడియారాలకీ, బడుల్లో వాటికీ నూనె వేసి వస్తాడు. పని ఒక రోజు, వాదన నాలుగు రోజులు అని పిన్ని అంచనా.

వాదనకి ఆయన పద్ధతి ఆయనకుంది. బండి కదలగానే ఎదుటి సీటు మనిషిని "మీరేం పని చేస్తారు?" అని కదుపుతాడు. పాపం, ఆ మనిషి ఏదో ఒకటి అంటాడు. అంతే, బాబాయి చూపుడువేలు పైకి లేస్తుంది. "ఒప్పుకోను!" ఇక ఆ పెట్టెలో ఎవరికీ కునుకు ఉండదు. దిగే స్టేషను దగ్గరపడేసరికి వేలు కిందికి దిగుతుంది. "ఒప్పుకున్నాను" అని చెయ్యి కలిపి మరీ దిగుతాడు.

చన్నీళ్ళ స్నానమే ఆరోగ్యమని ఇంటిల్లిపాదినీ ఏళ్ళ తరబడి వణికించిన మనిషి, ఒకసారి బాయిలరు దగ్గర పనిచేసే ఆయన చేతిలో ఓడిపోయి వచ్చి, నడివేసవిలో పొగలు కక్కే నీళ్ళు పెట్టమన్నాడు.

"మొన్నటిదాకా చన్నీళ్ళన్నారు కదండీ?" అంది పిన్ని.

"మొన్నటికి నాకు బాయిలరు సంగతి తెలీదు కదే!"

వంటింట్లో మగాడికేం పని అన్నది ఆ ఇంట్లో చిట్టి వాళ్ళ తాత నాటి మాట. అదీ ఒక సైన్యం వంటవాడి చేతిలో పోయింది. వచ్చిన మర్నాటి నుంచి బాబాయే గరిటె పట్టాడు. మొదటి రోజు అన్నం మాడింది. రెండో రోజు గిన్నె మాడింది. మూడో రోజు పొరుగింటివాళ్ళు బకెట్లతో పరుగెత్తుకొచ్చారు. నాలుగో రోజుకి నోట పెట్టుకునేట్టు వచ్చింది. పిన్నికి ఆ వంటవాడి మీద ఎంత గౌరవం కలిగిందంటే, మళ్ళీ ప్రయాణమయ్యేటప్పుడు మొగుడి చేతులు పట్టుకుని బతిమాలింది. "లోకంలో దేని గురించైనా వాదించండి. వంట ఊసు మాత్రం ఎత్తకండి. మీకు పుణ్యముంటుంది."

ఏడ్చే మగాడిని నమ్మకూడదన్న మాట ఒక కుస్తీ వస్తాదుతో వాదించి పోగొట్టుకున్నాడు. ఆ వస్తాదు గెలిచినా ఏడుస్తాడట, ఓడినా ఏడుస్తాడట. ఆ నెలంతా బాబాయి మొహమాటం లేకుండా ఏడ్చాడు. ఒక పాత బడి గడియారం స్ప్రింగు తెగిపోయిందని దుకాణంలో కూర్చుని భోరుమంటే, వాచీ కోసం వచ్చినామె ఆయన్ని ఓదార్చి ఓదార్చి, వాచీ సంగతి మరిచిపోయి వెళ్ళిపోయింది.

ఊరి నుంచి రాగానే స్టూలు లాక్కుని అన్నగారి పక్కన చేరేవాడు. రైల్లో తనని ఓడించినవాడి మాటలన్నీ, వాడి గొంతుతో సహా, అన్నగారి మీదికి వదిలేవాడు. నాన్న పనిలోంచి తలెత్తకుండానే "తప్పు" అనేవాడు. "మన నాన్న చెప్పింది తప్పవుతుందిట్రా?" అనేవాడు. నాన్న ఎవరి చేతిలోనూ ఓడలేదు. ఆ మాటకొస్తే రైలు కూడా ఎక్కలేదు. రమ్మంటే, "నేను లేస్తే ఈ కుర్చీలో ఎవరు కూర్చుంటారు?" అనేవాడు.

చిట్టి కూర్చుంటుంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, గడియారం పనంటే ప్రాణం. కానీ ఎడమచేతి వాటం. ఆ చేతికి ఆ బల్ల నిషేధం. ఎడమచేత్తో విప్పిన గడియారం ఎప్పటికైనా వెనక్కి నడుస్తుందని తాత చెప్పాడు. తాతకి వాళ్ళ నాన్న చెప్పాడు. మూడు తరాలుగా ఎడమచేతివాళ్ళని ఎవరూ బల్ల దగ్గరికి రానివ్వలేదు కాబట్టి, అది నిజమో కాదో చూసినవాడు లేడు. గోడగడియారాలకి కీ ఇవ్వడం, పట్టీలు వేయడం, అద్దాలు తుడవడం, అంతవరకే చిట్టి పని.

ఇంతలో నాన్న కళ్ళు మొరాయించాయి. మధ్యాహ్నాల పూట పని మానకపోతే చూపు దక్కదని డాక్టరు గట్టిగా చెప్పాడు. సోమవారం నుంచి బయటి మనిషిని కుర్చీలో కూర్చోబెడుతున్నానని నాన్న ప్రకటించాడు. చిట్టికి ఒళ్ళు మండిపోయింది. తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్ళి, "నాకోసం నాన్నతో వాదించు బాబాయ్" అంది.

"ఆయనా?" అంది పిన్ని. "ఆయన గెలవగా ఎప్పుడైనా చూశావుటే?"

అయినా బాబాయి వెళ్ళాడు, వేలు లేపాడు. "ఎడమచెయ్యి పనికిరాదంటే ఒప్పుకోను అన్నయ్యా!"

"గడియారం ముల్లు ఎటు తిరుగుతుంది?"

"కుడికి."

"స్క్రూ బిగించేది ఎటు?"

"కుడికే."

"మరి ఎడమచేతికి అక్కడేం పని?"

బాబాయి పైకప్పు చూశాడు, చిట్టిని చూశాడు. వేలు మెల్లగా కిందికి దిగింది. "ఒప్పుకున్నాను" అన్నాడు.

"ముక్కూమొహం తెలియనివాళ్ళతో నాలుగు రోజులు వాదిస్తావే, నాకోసం నాలుగు నిమిషాలు వాదించలేకపోయావా?" అని చిట్టి విరుచుకుపడింది.

బాబాయి తల గోక్కున్నాడు. "అన్నయ్య చెప్పింది నిజమేననిపించిందమ్మా." ఆ పూట చిట్టి అన్నం తినలేదు.

బాబాయి ఒక మాట ఒప్పుకున్నాడంటే దాన్ని వదిలే రకం కాదు కదా! మర్నాడు పొద్దున్నే స్టూలెక్కి దుకాణంలో పెద్ద గోడగడియారం దించడం మొదలెట్టాడు.

"అదేం పనిరా?" అన్నాడు నాన్న.

"రోజూ దీనికి కీ ఇచ్చేదెవరు?"

"చిట్టి."

"ఏ చేత్తో? ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి నడుస్తుంది. నలుగురిలో మన పరువేం కాను?"

సాయంత్రానికి రెండు గోడగడియారాలూ, ఐదు అలారాలూ బుట్టలోకి చేరాయి. చిట్టి తుడిచినవన్నీ మర్నాడు చేరాయి. శనివారానికి దుకాణంలో గోడకి మేకులు తప్ప ఏమీ మిగల్లేదు. బడి పంతులమ్మ తన వాచీ కోసం వస్తే, "ఇవ్వనండి, దీనికి పట్టీ వేసింది ఎడమచేత్తో" అని బాబాయి దాన్ని వెనక దాచాడు.

"ఒరేయ్, ఆవిడ వాచీ ఆవిడకి ఇవ్వరా!" అని నాన్న లేచాడు.

"ముందు నీ చేతి వాచీ తీసి ఇలా పడెయ్ అన్నయ్యా."

అది తాత పెట్టుకున్న వాచీ. రెండేళ్ళ కింద ఆగిపోతే నాన్న వల్ల కాలేదు. బాబాయి పైకి తీసుకెళ్ళి వారం రోజులకి బాగుచేసి తెచ్చాడు.

"దీన్ని బాగుచేసింది నువ్వు కదా?"

"టవరు గడియారాల చేతులు నావి. అంత సన్నపు పని నాకెక్కడిది? విప్పిందీ బిగించిందీ చిట్టి. ఎడమచేత్తో."

దాచిన సంగతి కాస్తా బయటపడేసరికి చిట్టి పంతులమ్మ వెనక్కి జరిగింది. నాన్న ఆమె వైపు చూడలేదు. వాచీని చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు.

"నడుస్తోంది" అన్నాడు.

"ఇవాళ నడుస్తుంది. రేపు వెనక్కి నడుస్తుంది."

"రెండేళ్ళుగా నిమిషం తేడా లేదు."

"ఒప్పుకోను! మన నాన్న మాట అబద్ధమంటావా?"

"మన నాన్న ఎడమచేతివాళ్ళని ఒక్కర్నైనా కూర్చోబెట్టి చూశాడుట్రా? చూడకుండా అన్నాడు!" నాన్న గొంతు వీధి చివరిదాకా వినిపించింది. "నా కూతురి చేతిలో పనితనం ఉంది. అది ఏ చెయ్యి అయితే నీకెందుకు?"

పంతులమ్మ బడికి వేళయిన సంగతి మరిచిపోయింది. బాబాయి వేలు కిందికి దిగింది. "ఒప్పుకున్నాను" అన్నాడు.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. తను ఏమన్నాడో తనకి అప్పుడు తెలిసింది. కాసేపటికి, "ఆ సోమవారం మనిషికి రావద్దని కబురు పంపు చిట్టీ" అన్నాడు. ఎడమచేతి నీడ పని మీద పడకుండా బల్ల మీది దీపాన్ని ఈ పక్క నుంచి ఆ పక్కకి జరిపాడు. చిట్టి ఆయన్ని గట్టిగా పట్టేసుకుంది.

తర్వాత బాబాయిని నిలదీసింది. "కావాలనే ఓడిపోయావు కదూ?"

"మా అన్నయ్య ఎవరి మాటా వినడమ్మా. తన మాటయితే వింటాడు. అందుకని ఆయన చేతే చెప్పించాను."

"మరి ఆ మూడు రోజులూ నటనా?"

"నటన నాకేం వచ్చు! రెండు రోజులు నిజంగానే నమ్మాను. మూడో రోజు అలారాలు మోసి మోసి నడుం పట్టేసింది."

పిన్ని పడీపడీ నవ్వింది. "ఇన్నేళ్ళ ఓటముల్లో ఇదొక్కటి పనికొచ్చింది."

"నవ్వకమ్మా" అన్నాడు నాన్న. "వాడు రైల్లో గెలిచి వస్తే నాకేం తెచ్చేవాడు? తన మాటే తెచ్చేవాడు, అది నాకు తెలిసిందే. నేను ఈ కుర్చీ వదిలి కదల్లేనని, నేను చూడని మనుషుల్ని ఒక్కొక్కణ్ణే తెచ్చి ఈ స్టూలు మీద కూర్చోబెట్టాడు. బాయిలరాయనా, వంటాయనా, ఆ ఏడుపుగొట్టు వస్తాదూ, అందరూ నాకు స్నేహితులే." బాబాయి గబగబా నూనె డబ్బా కోసం వెతుక్కున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

మరుసటి నెల బాబాయి రెండు టిక్కెట్లు తెచ్చాడు. నాన్న అలవాటు కొద్దీ కుర్చీ వైపు చూశాడు. అందులో చిట్టి కూర్చుని పని చేసుకుంటోంది. ఇక వంక దొరక్క వెళ్ళాడు.

ఐదో రోజున వచ్చాడు. మొహం కడుక్కోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు, సంచీ భుజాన ఉండగానే స్టూలు లాక్కుని చిట్టి పక్కన కూర్చున్నాడు.

"ఎడమచేత్తో స్క్రూ ఎలా బిగిస్తావో చూపించు."

"ఇప్పుడెందుకు నాన్నా?"

"రైల్లో ఒకాయన తగిలాడు. ఎడమచేత్తో ఈ పని కుదిరే పని కాదంటాడు. మా అమ్మాయి చేస్తుందన్నాను. ఎలా చేస్తుందో చెప్పమన్నాడు. నాకు తెలిస్తే కదా!" నాన్న కంటికి భూతద్దం బిగించుకుని ముందుకి వంగాడు. "వచ్చే నెల మళ్ళీ అదే బండికి వస్తాడట. కాస్త నిదానంగా చూపించు తల్లీ, గుర్తుపెట్టుకోవాలి."