నల్ల అద్దాల హాలు

ఈ మధ్య మా విశ్వవిద్యాలయం భవనాల మీద సౌరఫలకాలు పెట్టారట. కర్బన ఉద్గారాలు తగ్గించడంలో, కరెంటు పొదుపు చేయడంలో తమకు పాత అనుభవం ఉందని అధికారులు వేదికెక్కి చెప్పుకున్నారట. పాత అనుభవం! అది ఎలాంటిదో నన్నడగాలి. ఎనభైలలో వాళ్ల చదువుల హాలుకు బాధ్యురాలిని నేనే.

మా అధ్యయన కేంద్రం మలక్‌పేట దాటి దిల్‌సుఖ్‌నగర్ మొదలయ్యే చోట ఒక పాత భవనంలో ఉండేది. పై అంతస్తంతా చదువుకునే హాలు. గోడ పొడవునా పెద్ద పెద్ద కిటికీలు. అయితే పాకిస్తాన్‌తో యుద్ధం రోజుల్లో, పైనుంచి విమానాలకు వెలుతురు కనబడకూడదని ఎవరో ఆ అద్దాలకు నల్లరంగు పూయించారు. యుద్ధం ముగిసింది. రంగు ఉండిపోయింది. పూయమని ఆదేశం వచ్చింది కాబట్టి పూశారు, తీయమని రాలేదు కాబట్టి తీయలేదు. బయట మిట్టమధ్యాహ్నం ఎండ మండిపోతుంటే లోపల వరసగా ట్యూబులైట్లు వెలిగేవి.

కరెంటు కొరత ముదిరిన ఏడాది విశ్వవిద్యాలయం పొదుపు కమిటీ వేసింది. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన ఒక ఇంజనీరు దానికి పెద్ద. ఆయన మా భవనమంతా తిరిగి చూసి, మొట్టమొదట చేసిన పని మా హాలును సాయంత్రం ఐదింటికి మూసెయ్యమనడం.

సాయంత్రమే! పగలు ఎండలో లైట్లు వెలిగితే తప్పు లేదు. చీకటి పడ్డాక వెలిగితే దుబారా.

ఆ హాలుకు సాయంత్రాలు ఎవరు వచ్చేవారో ఆయనకు తెలియదు. ఎల్బీనగర్ వైపు పొలాలన్నీ ప్లాట్లు అవుతున్న రోజులవి. నేనూ అక్కడే ఒక కొత్త కాలనీలో ఉండేదాన్ని. ఇళ్లు ముందు లేచాయి, స్తంభాలు తర్వాత వచ్చాయి. ఒక్క తీగ మీద వీధి వీధంతా బతికేది. పొద్దుగూకగానే ట్యూబులైటు రెండుసార్లు కన్నుగీటి చచ్చిపోయేది. బల్బులో తీగ మాత్రం ఎర్రగా కనబడేది, పుస్తకం కనబడేది కాదు. ఆ కాలనీల పిల్లలే బస్సు పట్టుకుని మా హాలుకు వచ్చేవారు.

వాళ్లలో ఒకమ్మాయి ఉండేది. నల్గొండ నుంచి వచ్చిన లారీ డ్రైవరు కూతురు. పగలంతా దిల్‌సుఖ్‌నగర్‌లో బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టి, ఆరింటికి మా మెట్లెక్కేది. డిగ్రీ చివరి పరీక్షలు దగ్గరపడ్డాయి. ఈసారి తప్పితే చదువు బందని తండ్రి ముందే చెప్పేశాడు. తలుపుకు తాళం చూసి ఆమె నన్ను అడిగింది.

"మేడం, దుకాణం ఇడిచేదే ఐదున్నరకు. గిప్పుడు నేనెప్పుడు సదువుకోవాలె?"

మర్నాడు నేను ఇంజనీరు గది ముందు నిలబడ్డాను. అద్దాల రంగు తీయిస్తే పగలు ఒక్క లైటు కూడా అక్కర్లేదని, ఆ మిగిలిన కరెంటుతో సాయంత్రం హాలు తెరవచ్చని చెప్పాను. చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యే సంగతి. ఆయన నవ్వాడు. కూర్చోమని కూడా అనలేదు. అది నాకు ఇప్పటికీ గుర్తే.

"చూడండి మేడం గారూ, లైట్లు మా కమిటీవండీ. అద్దాలేమో బిల్డింగు సెక్షన్‌వి. వాళ్ల అద్దాల్లోంచి వచ్చే వెలుతుర్ని మా పొదుపు కింద ఎలా చూపించుకుంటామండీ?"

"సార్, సూర్యుడు ఏ సెక్షన్ల ఉన్నడో జర అది కూడ చెప్పున్రి. ఆయన్నే పోయి అడుగుత," అన్నాను.

బిల్డింగు సెక్షన్‌కు పోతే, రంగు పాడైతే కొత్తది వేస్తాం గానీ, బాగున్న రంగును తీయడం తమ పనుల్లో లేదన్నారు.

ఆ ఆదివారం పిల్లలు ఇళ్లల్లో తండ్రులు గడ్డాలు గీసుకుని పారేసిన బ్లేడ్లు తెచ్చారు. నేను కిరసనాయిలు, పాత చీర తెచ్చాను. నూనెగుడ్డతో రుద్దడం, బ్లేడుతో గీకడం. మొదటి అద్దం తేటపడి ఎండ బల్లమీద పడగానే డ్రైవరు కూతురు తన నల్లటి చేతులు చూసుకుని, "మేడం, గిది పగటి దొంగతనమే. ఎండను దొంగిలిస్తున్నం," అంది. సాయంత్రానికి హాలు హాలంతా వెలుగు.

సోమవారం నాకు మెమో వచ్చింది, విశ్వవిద్యాలయం ఆస్తికి నష్టం కలిగించినందుకు. ఆ వారమంతా పగలు హాల్లో ఒక్క లైటు వెలగలేదు. దాని గురించి ఒక్క మాట లేదు. సాయంత్రం తాళం మాత్రం అలాగే పడింది.

సరే, వెలుతురు ఎక్కడుంటే అక్కడ కూర్చుందాం అన్నాను. ఎక్కడుంది? పక్కనే ఉన్న కార్యాలయ భవనం పోర్టికోలో. పెద్ద అధికారి ఐదింటికే ఇంటికి పోయినా, ఆయన కారు ఆగే చోట గుండ్రటి దీపాలు తెల్లవార్లూ వెలిగేవి. అది హోదా అట. పొదుపు కమిటీ కంటికి అవి ఆనలేదు. మేం చాపలు పరిచాం. పుస్తకాలు నేనే మోసుకొచ్చి ఇచ్చేదాన్ని.

ఒక సాయంత్రం పెద్ద అధికారి ఎవరో అతిథులను వెంటబెట్టుకుని తిరిగి వచ్చాడు. చాపల వల్ల కారు లోపలికి రాలేకపోయింది. ఆయన దిగి, "ఏందిది? ఇక్కడెందుకు కూసున్నరు?" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా డ్రైవరు కూతురు లేచి నిలబడింది.

"మా హాలుకు పొదుపు రోగమొచ్చింది సార్. మీ దీపాలు సల్లగున్నయి గదా, గీడికొచ్చినం."

అతిథుల్లో ఒకాయన పక్కకు తిరిగి దగ్గాడు. నవ్వు ఆపుకోవడానికేనని నా నమ్మకం.

మర్నాడు హాలు తెరిచారు, రాత్రి తొమ్మిదింటి దాకా. పగటి వెలుతురు వాడుకుని, సాయంత్రం విద్యార్థులకు సౌకర్యం కల్పించాలన్నది కమిటీ ఆలోచన అని ప్రకటించారు. కమిటీ ఆలోచన! ఇంజనీరు పట్టపగలు ఫోటోగ్రాఫరును తీసుకొచ్చి, ఫోటో బాగా పడాలని హాల్లో లైట్లన్నీ వేయించాడు. నేను పోయి మీట నొక్కి అన్నీ ఆర్పేశాను.

"అయ్యో, ఫోటో పడదండీ మేడం గారూ!"

"అద్దాలు గీకింది మేము సార్. ఎండలో పడేంత పడుతది, తీసుకోన్రి."

మెమో వెనక్కి తీసుకోమని నేను పదవీ విరమణ దాకా అడుగుతూనే ఉన్నాను. తీసుకోలేదు. డ్రైవరు కూతురు ఆ ఏడే పాసైంది. మిఠాయి డబ్బా పట్టుకుని వచ్చి, నేను మెమో సంగతి కోపంగా చెబుతుంటే విని నవ్వింది.

"పోనీయున్రి మేడం. లైటైతే ఒచ్చింది గదా."

ఆమె అలా అనగలదు. మెమో వచ్చింది నాకు.