గోడ అవతల సద్దు ఆగిన పండగ

మా ఇంటికీ పక్కింటి సాయిబులకీ నడుమ ఒకటే గోడ. ఏ కాలంలో ఎవరు కట్టినారో తెలీదు, ఇది మీది అది మాది అని ఎవరూ గీత గీయలేదు. మట్టిగోడ, మందం జాస్తి లేదు. ఇవతల నేను దగ్గితే అవతల నుంచి "నీళ్లు తాగక్కా" అని వినిపిస్తాది.

మాది కెంచార్లహళ్ళి. ఇంట్లోనే సగం భాగం పట్టుపురుగులకిచ్చి మిగిలిన సగంలో మేము సర్దుకుంటాము. పురుగులు మేపని వాళ్లకు ఒక సంగతి చెప్పాల. పురుగు తోలు విడిచేదాన్ని మేము జ్వరం అంటాము. నాలుగు జ్వరాలు దాటినాక అది మల్బరీ ఆకు తినేది చూస్తే భయమేస్తాది. తట్టల్లో పురుగులన్నీ కలిసి తింటాంటే ఇంట్లో వాన కురిసినట్టే సద్దు. పగలూ రాత్రీ అదే సద్దు. మాకే కాదు, గోడ అవతల వాళ్లకు గూడా. "మీ వాన పడితేనే మాకు నిద్దరొస్తాది" అనేది పక్కింటి కోడలు.

ఆ పురుగుకు వాసనంటే గిట్టదు. బీడీ, దోమల బత్తి, సెంటు, ఏదీ ఓర్చుకోదు. అందుకని పురుగులుండే గదికి మా అత్త ముక్కే కావలి. గడప దగ్గర నిలబడి వచ్చేవాళ్లను వాసన చూసి లోపలికి వదిలేది. ఒకసారి పట్టుపురుగుల సర్కారు ఆఫీసు, రేష్మె ఇలాఖె నుంచి ఒకాయప్ప పురుగులు చూడను వస్తే, "తలకు ఏదో ఘాటు నూనె పూసుకోనుండావు, కిటికీలోంచి చూసుకోని పోప్పా" అని వెనక్కి పంపింది. ఆయప్ప చేతిలో కాగితాలూ, మెడలో కార్డూ ఏవీ పనికి రాలేదు.

మా అత్త నీసు ముట్టదు. పురుగులు ఇంట్లో ఉన్నన్నాళ్లూ మమ్మల్నీ ముట్టనియ్యదు. పక్కింటి వాళ్లకు ఇదంతా తెలుసు. గురువారం గురువారం వాళ్లింట్లో సాంబ్రాణి వేసుకుంటారు. మా పురుగు పెద్దదైనాక ఆ సాంబ్రాణి తట్ట వీధి చివర దర్గా దగ్గరికి పోయి వేసుకోని వచ్చేవాళ్లు. మేము అడగలేదు. మా అత్త గూడా కర్పూరం గుడిలోనే వెలిగించి వచ్చేది. దేవుళ్లిద్దరూ పురుగుల కోసం కొన్నాళ్లు బయట ఉండేవాళ్లు.

ఈ మధ్యనే ఒక ఏడు మాకు పంట పోయినాది. పురుగులకు పాలరోగం వచ్చి తట్టలు తట్టలుగా గుంతలో పూడ్చినాము. మా ఆయన ఆ గుంత పక్కనే నిలబడి, "ఈసారి ఒక్కసారి చూస్తా. పట్టుగూళ్లు రాకపోతే మల్బరీ తోట పీకేసేదే" అన్నాడు. ఊరికే అనే మనిషి కాదు. గునపం తెచ్చి తోట గట్టు మీద పెట్టేసినాడు గూడా. ఆ మల్బరీ గిడ్డలు పోయిన మా మామ చేత్తో నాటినవి. మా అత్త ఆ దినం నుంచి అన్నం సగానికి తగ్గించింది.

తరువాతి పంట బాగా లేచింది. నాలుగో జ్వరం దాటి వాన సద్దు మొదలైనాది. మా ఆయన లెక్కేసి, రంజాన్ పండగ అయిన మరుదినానికి పురుగు పండుతాదన్నాడు. పండిన పురుగు తిండి మానేస్తాది. ఒళ్లు పండుటాకు మాదిరి తిరిగి, తల ఎత్తి చోటు వెతుక్కుంటాది. ఒక్కొక్కదాన్నే చేత్తో ఏరి చంద్రికె మీద వేయాల. చంద్రికె అంటే వెదురు తడిక మీద చుట్టలు చుట్టలుగా బద్దలు నిలబెట్టింటారు, ఆ సందుల్లో గూడు కట్టుకుంటాది. ఏరేది ఆలస్యమైతే పట్టు తట్టలోనే పాడైపోతాది. ఇల్లంతా మనుషులు కావాల.

ఎండ ముదిరి పురుగు ఒక దినం ముందే పండింది. సరిగ్గా రంజాన్ పొద్దున. నేను లేచి చూస్తే ఆకు ముట్టినవి లేవు, తలలన్నీ పైకి లేచి ఆడతాండాయి. కూలికొచ్చే ఆడోళ్లంతా మండికల్‌లో పెండ్లికని బస్సెక్కి పోయిండారు. ఉండేది మేము ముగ్గురం.

"పక్కింట్లో పిలుస్తానత్తా" అన్నాను.

"పిలిస్తే చూడు" అంది. "నెలంతా పస్తుండి ఈ దినం కదా వాళ్లు నోరు తీపి చేసుకునేది. కొత్తగా వియ్యమందిన బీగులు గూడా వస్తాండారంట. మన ఉగాది దినం ఎవరైనా వచ్చి పని చెయ్యమంటే నీకెట్లుంటాది?"

"మరి పురుగులు?"

"చేతనైనకాడికి ఏరు. మాట్లాడకు, గోడకు వినిపిస్తాది."

మేము మాట్లాడలేదు. సద్దు లేకుండా ఏరతాండాము. ఆకు తినే ఆ వాన సద్దు లేకపోవడమే మమ్మల్ని పట్టిచ్చింది. కొంతసేపటికి గడప దగ్గర పక్కింటి కోడలు నిలబడింది. పాత చీర, తడి తల.

"ఏమక్కా, వాన నిలిచిపోయినాదే? పండినాయా?"

నేను అత్త మొగం చూసినాను. అత్త పురుగుల మొగం చూసింది.

"పండగ పూట నువ్వెందుకొచ్చినావమ్మా, పో" అంది అత్త.

"వాసన చూడవ్వా" అని ఆయమ్మ రెండు చేతులూ చాపింది. "అత్తరు పూసుకోలేదు. సబ్బు గూడా వద్దని సీకాయతో పోసుకున్నా. పొద్దున్నుంచి తిన్నది సేమ్యా పాయసం ఒకటే, కూర ఇంకా పొయ్యి మీదనే ఉండాది."

మా అత్త ఆ చేతులు రెండూ పట్టుకుంది. వాసన చూడలేదు. "నీ పొయ్యి మీద ఏముండాదో నేనెప్పుడైనా అడిగినానా?" అని పక్కకు జరిగి దోవ ఇచ్చింది.

ఆయమ్మ వెనకనే వాళ్లత్త, ఆడబిడ్డ. నమాజుకు పోయిన మగోళ్లు తిరిగొచ్చినారు. ఆలింగనాలు చేసుకోని వచ్చిన ఒళ్లు కదా, అత్తరు గుప్పుమంటాండాది. వాళ్లింటి పెద్దాయప్ప కొత్త జుబ్బా విడిచి, బావి కాడ మళ్లీ నీళ్లు పోసుకోని, చిరిగిన లుంగీతో వచ్చినాడు.

"ఏడాదికొక దినం ఘుమఘుమలాడతాను చెల్లెమ్మా, అది గూడా మీ పురుగులకు కండ్లమంటనే" అన్నాడు.

"వాటికి ముక్కుమంటన్నా" అంది మా అత్త.

అందరూ పనిలో పడినాక ఆయమ్మ చేతులు ఒక్క గడియ ఆగినాయి. "బీగులొస్తే ఇంటి తలుపు వేసుంటాదే" అంది, తనకు తానే అన్నట్టు. కొత్త వియ్యంకులు మొదటి రంజాన్‌కు వస్తే ఇంట్లో మనిషి లేకపోవడమంటే చిన్న మాట కాదు.

మా అత్త చెయ్యి కడుక్కోని, కొంగు సర్దుకోని బయటికి పోయింది. కొంతసేపటికి గోడ అవతల నుంచి అత్త గొంతు. "నేనీడ కూర్చోనుండాను, మీరు పని చూడండి!"

ఆ ఇంట్లో నీళ్లు గూడా తాగని మనిషి, విభూతి పెట్టుకోని వాళ్ల జగిలి అరుగు మీద కూర్చుంది. చింతామణి నుంచి బీగులు ఆటో దిగినారు. ఆమెను చూసి ఆ మగాయప్ప, "ఇల్లు తప్పొచ్చినామేమో" అన్నాడంట.

"తప్పలేదప్పా, రా కూర్చో. ఇంటోళ్లు మా ఇంట్లో పండగ చేస్తాండారు" అని మా అత్త అందరికీ గిన్నెల్లో పాయసం పోసి ఇచ్చింది. బీగురాలు పురుగులు చూడాలని లేస్తే, "నీకు అత్తరు వాసన జాస్తి ఉండాది తల్లీ, రేపు రా" అని కూర్చోబెట్టింది. తను ఒక చుక్క నోట్లో వేసుకోలేదు. తాగవ్వా అని వాళ్లూ బలవంతం చేయలేదు. మా రెండిండ్లలో ఎప్పుడూ అంతే. ఎవరి నియమం వాళ్లది, దాన్ని కాపాడేది మాత్రం అవతలి వాళ్లు.

మధ్యాన్నం అత్త గోడ తట్టింది. "మీ బిర్యానీ అడుగంటతాండాది! ఆ గిన్నె నేను దించను, ఎవరైనా రండి!" చంద్రికెల నడుమ అందరూ నవ్వినారు. నీసు ముట్టని ముక్కు బిర్యానీ మాడు పసిగట్టింది కదా అని నా మొగుడు గూడా నవ్వినాడు. పంట పోయినాక ఆ మనిషి నవ్వేది నేను చూసింది అదే.

పొద్దు గుంకే లోపల కడపటి పురుగు చంద్రికె ఎక్కింది. బీగులు పోలేదు, కాచుకున్నారు. వాళ్లంతా కలిసి అప్పుడు తిన్నారు, వాళ్లింట్లో.

గూళ్లు గట్టిగా, తెల్లగా వచ్చినాయి. మార్కెట్టులో పరిచిన గూళ్లను పక్కింటి పెద్దాయప్పే చేత్తో ఒత్తి చూసి, "రాయి మాదిరి ఉండాయి" అని తన పంటే అన్నట్టు పదిమందికి చూపించినాడు.

ఇప్పుడు ఫోన్లలో ఏమేమో వస్తాంటాయి, వాళ్లు అట్ల, వీళ్లు ఇట్ల అని. నేను చదివింది తక్కువ. ఎవరైనా చదివితే వింటాను, విని మా గోడ పక్క చూస్తాను. మా గోడ సంగతి అవి రాసేవాళ్లకు తెలిస్తే రాయరులే అనుకుంటాను.

గూళ్లు అమ్మి, తట్టలు కడిగి, ఇంట్లో ఒక్క పురుగూ లేకుండా అయినాక పెద్దాయప్ప వచ్చినాడు. కొత్త జుబ్బా వేసుకోనుండాడు, చేతిలో చిన్న సీసా.

"ఇంక మీ పురుగుల పెత్తనం అయిపోయినాదా చెల్లెమ్మా?"

"అయిపోయినాదన్నా" అని మా అత్త ముంజెయ్యి చాపింది. ఆయప్ప అత్తరు పూసినాడు. తరువాత నాకు, తరువాత మా ఆయనకు. ఇంట్లో ఎప్పుడూ లేని వాసన. మా అత్త చెయ్యి ముక్కు కాడ పెట్టుకోని, "బాగుండాది, పురుగులకే తెలీదు" అంది.

మా ఆయన ఆ వాసనతోనే తోటకు నీళ్లు కట్టను పోయినాడు. వచ్చేటప్పుడు గట్టు మీద గునపం తెచ్చి, అటక మీద పడేసినాడు.