ఇంజను నీళ్ళ కాఫీ

కామాక్షయ్యకున్న పిచ్చి ఒక్కటే. ఇంజనులోంచి పట్టిన వేడినీళ్ళు లేనిదే కాఫీ తాగనంటాడు. పొయ్యిమీద కాగిన నీళ్ళతో పెట్టింది కాఫీ కాదు, కషాయమని ఆయన వాదం.

గూడూరుకు ఇవతల, రోజుకు రెండే బండ్లు ఆగే చిన్న స్టేషను అది. బండి పోయాక సముద్రపు గాలి తప్ప ఎవరూ మిగలరు. పొద్దున మద్రాసు పాసింజరు రాగానే కామాక్షయ్య పంచె ఎగ్గట్టి, ఇత్తడి చెంబుతో ఇంజను పక్కన ప్రత్యక్షమయ్యేవాడు.

"డ్రైవరన్నా, కాఫీకి రవ్వంత వేడినీళ్ళు."

బుస్సుమని ఆవిరి, ఆ ఆవిరిలో కామాక్షయ్య మాయం. బయటపడ్డాక చెంబు వాసన చూసి తీర్పు చెప్పేవాడు. "ఇవి బిట్రగుంటలో ఎక్కించిన నీళ్ళు. మేలైనవి." వెంటనే చెంబుకు మూతపెట్టి, తుండుగుడ్డ చుట్టి పరుగో పరుగు.

1961లో కొత్తగా వచ్చిన స్టేషను మాస్టరు విజయభాస్కర్‌కు ఈ వరస చూసి తల తిరిగింది. దీనివల్ల బండి రోజూ మూడు నిమిషాలు ఆలస్యం. ఇకమీదట ఆలస్యమైతే సంజాయిషీ రాయాలని పైనుంచి కాగితం కూడా వచ్చింది.

"కామాక్షయ్య గారూ, రేపటినుంచి చెంబు తేవద్దు."

"కాఫీ లేకుంటే ఎట్ట సామీ?"

"మా ఇంటికి రండి, ఎన్ని గ్లాసులైనా పోయిస్తాను."

"ఇంజను నీళ్ళేనా?"

"బావి నీళ్ళు."

కామాక్షయ్య ఎన్నడూ లేనిది తలొంచుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు బండి వేళకు కదిలింది. మాస్టరుకు మాత్రం ప్లాట్‌ఫారం బోసిగా తోచింది. మనసు ఊరుకోక, కాఫీపొడి పొట్లం తీసుకుని కామాక్షయ్య ఇంటికి వెళ్ళాడు.

"కాఫీపొడా?" అంది కామాక్షయ్య భార్య పేరమ్మ, వింతగా. "ఆయనకు కాఫీ పడదు నాయనా. పొద్దున్నే రాగిజావ తాగుతాడు."

"మరి ఆ నీళ్ళు?"

"హెబ్రోనుకు. ఇయ్యాళ పొయ్యిమీద కాచి పట్టుకపోయినాడు."

హెబ్రోను ఒకప్పుడు ఇంజనులో బొగ్గేసిన ఫైర్‌మన్. ముప్పై ఏళ్ళ కొలువులో మోకాళ్ళూ పోయాయి, ఆ మోతకు చెవులూ పోయాయి. స్టేషను రెండు ఫర్లాంగులే అయినా నడిచి పోలేడు, కూత వినలేడు. మాటలు ఎదుటివాళ్ళ పెదవులు చూసి పోల్చుకుంటాడు. మాస్టరు ఆ ఇంటికి వెళ్ళేసరికి ఆయన నులకమంచంలో కూర్చుని, చెంబు మూత తీసి, ఆవిరిలో మొహం పెట్టి ఉన్నాడు.

"ఇవి పొయ్యి నీళ్ళు కామాక్షన్నా. నూనె వాసన యాడ? బొగ్గు వాసన యాడ?" మెల్లగా అడిగాడు. "బండి తీసేసినారా? తీసేసుంటే చెప్పు, ఓర్చుకుంటా."

కామాక్షయ్య లేదు లేదని చేతులూపుతూ, వాకిట్లో మాస్టరును చూసి అటు వచ్చాడు. "ముసిలోడు వాసన చూసుకోవాలంటే ఎవురిస్తారు సామీ? కాఫీకని అడిగితే కాదనే డ్రైవరు లేడు."

ఆ చెంబెడు ఆవిరే హెబ్రోనుకు మిగిలిన రైలు. అది ఆపింది తానేనని మాస్టరుకు అర్థమైంది.

మర్నాడు చంకలో పచ్చజెండాతో, చేతిలో చెంబుతో మాస్టరే ఇంజను పక్కన నిలబడ్డాడు.

"మీకూ పట్టిందా?" అని డ్రైవరు నవ్వాడు.

బండి మూడు నిమిషాలు ఆలస్యంగా కదిలింది. సంజాయిషీ రాసుకుందాంలే అనుకుని, మాస్టరు కామాక్షయ్యతో కలిసి పరుగెత్తాడు.

హెబ్రోను ఆవిరి నిండా పీల్చాడు. "తడిబొగ్గు. ఎవుడా ఫైర్‌మను, పని తెలీనోడు?" అని తృప్తిగా తిట్టాడు. తరవాత మాస్టరు తెల్లకోటు చూసి, మర్యాద చేయాలని, నిన్న ఆయన అక్కడే వదిలివెళ్ళిన కాఫీపొడి పొట్లం విప్పించి, అవే నీళ్ళతో ముగ్గురికీ కాఫీ పెట్టించాడు.

తప్పుతుందా మరి. కామాక్షయ్య జన్మలో మొదటిసారి ఇంజను నీళ్ళ కాఫీ తాగాడు.

"ఎలా ఉంది?" అన్నాడు మాస్టరు.

కామాక్షయ్య హెబ్రోను వైపు చూసి నవ్వుతూ, పెదవులు కదపకుండా చెప్పాడు.

"కషాయం సామీ."