నేటివ్ అన్న మాట

సుకన్యకు మాటలతో కోటలు కట్టేవాళ్లంటే ఒళ్లు మంట. హన్మకొండ చౌరస్తా దగ్గర పాత కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ఆమెది. ఏ కాలేజీలోనూ నేర్వలేదు. విప్పి, చెడగొట్టి, మళ్లీ బిగించి నేర్చుకుంది. 'గట్క' అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను మరికొందరితో కలిసి నడుపుతుంది. దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు, మార్చొచ్చు. పేదోళ్లు తాగే జొన్న గట్కలా, వాళ్ల పాత మిషన్లకూ అందాలని దానికి ఆ పేరు.

ఆ గుంపులో శశాంక్ ఒకడు. పని తక్కువ, పని గురించి ఉపన్యాసం ఎక్కువ. మైకు కనబడితే వదలడు. ఈసారి ఎందుకో నిజంగానే ఒక పని నెత్తిన వేసుకున్నాడు. కోడ్‌ను మిషన్ భాషలోకి మార్చే కంపైలర్‌కు ఫలానా ప్రాసెసర్ అని చెబితే, అది ఆ ప్రాసెసర్‌కు మాత్రమే తెలిసిన చురుకైన ఆదేశాలను కూడా ఏరి వాడుతుంది. శశాంక్ ఆ ఏర్పాటు గట్క మొత్తానికీ చేసి, తన కొత్త లాప్‌టాప్‌లో తయారుచేసి తెచ్చాడు. అందులో అది ఉరికింది. సుకన్య కూడా ఆ లాప్‌టాప్‌లోనే చూసి సరేనంది. అలా అన్నందుకు తర్వాత అతన్ని తిట్టినదానికంటే తనను తాను ఎక్కువ తిట్టుకుంది.

తొర్రూరులో హన్నా గట్క ఎక్కించిన పాత మిషన్లతో కంప్యూటర్ క్లాసు నడుపుతుంది. కొలువు కోసం టైపింగ్ నేర్చుకునే ఆడవాళ్లే ఎక్కువ. రేపు వాళ్లకు పరీక్ష అనగా కొత్త గట్క ఎక్కించారు. ఒక్క కంప్యూటరూ తెరుచుకోలేదు. 'చెల్లని ఆదేశం' అని నల్ల తెర మీద చూపించి ఆగిపోతున్నాయి. హన్నా ఫోన్ చేసి, ఈ పరీక్ష తప్పితే మళ్లీ ఏడాదికేనని చెప్పింది.

సుకన్య శశాంక్‌ను దుకాణానికి పిలిచి, ప్రాసెసర్ పేరు దగ్గర ఏం రాశావని అడిగింది.

"నేటివ్ అని పెట్టిన అక్కా. నేటివ్ అంటే మన దిక్కుదే కదా. మన దగ్గరి మిషన్లన్నిటికి పనిచేస్తదనుకున్న."

ఆమెకు నవ్వడానికి కూడా ఓపిక లేకపోయింది.

"అది నీ ఊరు ఏదని అడుగుతలేదురా. ఏ మిషన్ మీద తయారు చేస్తానవో దాని కొలతలే తీసుకుంటది. నీ అంగీ తెచ్చి తొర్రూరోళ్లందరికి తొడిగినవ్."

అయినా అతను తగ్గలేదు. లోకమంతా ముందుకు పోతుంటే తొర్రూరు వాళ్లే మిషన్లు మార్చుకోవాలని మొదలుపెట్టాడు. ఆమె వినలేదు. దుకాణంలో అన్నిటికన్నా ముసలి కంప్యూటర్‌ను బల్ల మీదికి లాగి దుమ్ము దులిపింది. 'నేటివ్' కొట్టేసి దాని ప్రాసెసర్ పేరు రాసి గట్కను మళ్లీ తయారుచేసింది. దాని మీద నడిచేది తొర్రూరు వాటి మీదా నడుస్తుంది. ముసలిది తెరుచుకున్నాకే తొర్రూరు బస్సెక్కింది.

క్లాసులో ఒక్కో కంప్యూటరూ వెలగసాగింది. హన్నా మెల్లగా అడిగింది.

"కొత్తది జోరుగ నడుస్తదని గా శశాంక్ తమ్ముడు చెప్పిండు గదక్కా?"

"జోరుగ నడువది. పరీక్ష రాసేదాకయితే నడుస్తది."

అంతలో ఫోన్‌లో గుంపుకు శశాంక్ సందేశం వచ్చింది. ఈ అనుభవం మీద ఒక కాలేజీలో ప్రసంగిస్తున్నాడట, అందరూ రావాలట. సుకన్య ఆ ఫోన్‌లోనే గట్క కోడ్ మార్చే అనుమతి అతనికి తీసేసి, ఇంకా తెరవని కంప్యూటర్ ముందు కూర్చుంది.